సర్టిఫికెట్ ఇచ్చాక తలుపు తట్టేదెవరు?

మా ఊళ్ళో మేధో వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులు నెలకోసారి కలుసుకుంటారు. పిల్లలు అనడమే గానీ, వాళ్ళలో సగం మందికి నలభై దాటాయి. మొన్నటి మీటింగులో రిటైరైన లెక్చరర్ గారొకరు లేచి, "మనమంతా కలిసి ఒక ట్రస్టు పెడదాం. మనలో ఎవరు ముందు పోయినా ఆ బిడ్డకి ట్రస్టే గార్డియన్. ఇల్లూ డిపాజిట్లూ ట్రస్టు పేర రాసేద్దాం. ఇక ఎవరికీ టెన్షన్ ఉండదు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా పక్కనున్నావిడ కళ్ళు తుడుచుకుంది. ఆ మాట కోసం ఆవిడ ఎన్నేళ్ళుగా ఎదురుచూస్తోందో నాకు తెలుసు. అయినా నేను ఒప్పుకోలేకపోయాను. అక్కడ రెండు ముక్కల్లో చెబితే అడ్డుపుల్ల వేసినట్టు ఉంటుందని ఊరుకున్నాను. ఇక్కడ తీరిగ్గా చెబుతాను.

తమ పనులు తాము చూసుకోలేని పెద్దవాళ్ళకి స్థానికంగా ఒక గార్డియన్ వ్యవస్థ ఉండాలి. జిల్లాకి ఒకటైనా ఉండాలి, కుదిరితే ప్రతి మండలంలోనూ దాని మనుషులుండాలి. అందులో నాకు రెండో మాట లేదు. కానీ అది కొత్త గార్డియన్లను వెతకడంతో మొదలు కాకూడదని నా వాదన. ఇప్పటికే గార్డియన్లు ఉన్న ఇళ్ళకి వెళ్ళి, కూర్చుని, ఆ మనిషితో మాట్లాడి వచ్చేవాళ్ళను ముందు తయారు చేసుకోవాలి. వాళ్ళు లేకుండా ఎంత మంచి గార్డియన్‌ని పెట్టినా, ఎంత పెద్ద ట్రస్టు పెట్టినా, ఆ బిడ్డను నాలుగు గోడల మధ్య ఒకరి దయకి వదిలేసినట్టే.

పద్దెనిమిది నిండాక

నేను చాలాకాలం బ్యాంకులో పనిచేశాను. కౌంటర్ దగ్గర ఇలాంటి తల్లులను చాలామందిని చూశాను. పిల్లవాడి పేర మైనర్ అకౌంట్ తెరిచి, గార్డియన్‌గా తల్లి సంతకం పెడుతూ ఉంటుంది. వాడికి 18 నిండుతాయి. అకౌంట్ ఆగిపోతుంది. "అబ్బాయి మేజరయ్యాడమ్మా, వచ్చి సంతకం పెట్టమనండి" అంటాం. పక్కనే నిలబడి ఆమె కొంగు వేలికి చుట్టుకుంటున్న కొడుకును చూపించి, "వీడికి పెన్ను పట్టుకోవడం కూడా రాదండీ, నేను కన్నతల్లిని, నా సంతకం చాలదా?" అంటుంది.

చాలదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం మైనర్ల కోసమే. 18 నిండాక కన్నవాళ్ళయినా సరే, చట్టం దృష్టిలో వాళ్ళంతట వాళ్ళు గార్డియన్లు కారు. ఆ లోటు తీర్చడానికే 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్ళకి జిల్లాలోని లోకల్ లెవెల్ కమిటీ గార్డియన్‌ని నియమించవచ్చు. కమిటీలో కలెక్టరు, రిజిస్టరైన సంస్థ నుంచి ఒకరు, వైకల్యం ఉన్న వ్యక్తి ఒకరు ఉంటారు. కోర్టు చుట్టూ తిరగక్కర్లేదు. గార్డియన్‌ని నియమిస్తూ కమిటీ ఇచ్చే సర్టిఫికెట్‌ను బ్యాంకులు తీసుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు 2007లోనే చెప్పింది. అయినా ఆ తర్వాత కూడా "కోర్టు ఆర్డర్ తెండి" అన్నవాళ్ళను నేను ఒక బ్రాంచిలో చూశాను. ఆ సర్క్యులర్ ప్రింటు తీసి చేతిలో పెట్టాకే పని జరిగింది.

చట్టం ప్రకారం ఆ కమిటీ మూడు నెలలకోసారైనా కూర్చోవాలి. కానీ కలెక్టరు బల్ల మీద తుఫాన్లు, ఎన్నికలు, ధాన్యం కొనుగోళ్ళు ఉంటాయి. ఒక అమ్మ పెట్టుకున్న ఫారం వాటి కింద పడిపోతుంది. ఎవరికీ చెడ్డ ఉద్దేశం ఉండదు, అడిగేవాళ్ళే ఉండరు. జిల్లాలు విడిపోయినప్పుడు ఇంకో చిక్కు. తెలంగాణలో పది జిల్లాలు 33 అయ్యాయి, ఆంధ్రలో 2022లో పదమూడు కాస్తా 26 అయ్యాయి. కొత్త కలెక్టరేట్‌లో బోర్డులు త్వరగానే లేస్తాయి. ఇలాంటి చిన్న కమిటీని మళ్ళీ వేయాలన్న సంగతి మాత్రం ఎవరో ఒకరు గుర్తు చేస్తేనే గుర్తొస్తుంది.

"నా మంచం అక్కడ లేదు"

ఇదంతా నాకు దగ్గరగా తెలిసింది మా పెద్దమ్మ పోయాక. మా చిన్నన్నయ్య ఆవిడ రెండో కొడుకు. డౌన్ సిండ్రోమ్. అప్పటికే యాభై దాటాడు, వీధిలో అందరికీ మాత్రం ఇంకా బాబే. పెద్దన్నయ్య డాలస్‌లో ఉంటాడు. పెదనాన్నది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం కాబట్టి, పెద్దమ్మ తర్వాత ఫ్యామిలీ పెన్షన్ చిన్నన్నయ్యకి జీవితాంతం రావాలి. పెదనాన్న బతికుండగానే ఈ కొడుకు తరఫున పెన్షన్ తీసుకునే గార్డియన్ పేరు రాసి ఇచ్చి ఉండొచ్చు, అందుకు అవకాశం ఉంది. ఆ సంగతి ఆయనకెవరూ చెప్పలేదు.

గార్డియన్‌గా ముందుకొచ్చింది మా బాబాయి కొడుకు. మంచివాడే. చిన్నన్నయ్య వాటాకొచ్చిన రెండెకరాలు కౌలుకి చేస్తున్నదీ అతనే. పెద్దన్నయ్య ఫోన్లోనే సరే అన్నాడు. నాకు మాత్రం మనసొప్పలేదు. కౌలు ఎంతో తేల్చేదీ, కట్టేదీ, ముట్టినట్టు సంతకం పెట్టేదీ ఒకే మనిషి అయితే, అతనెంత ధర్మాత్ముడైనా రేపు ఎవరో ఒకరు వేలెత్తి చూపిస్తారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఈ మాట స్పష్టంగానే ఉంది: సాయం చేసే మనిషికి ఏదైనా ఆర్థిక లావాదేవీలో తన ప్రయోజనం అడ్డొస్తే, ఆ లావాదేవీ నుంచి తను పక్కకి తప్పుకోవాలి. చుట్టమైనంత మాత్రాన ప్రయోజనం అడ్డొచ్చినట్టు అనుకోకూడదనీ ఆ చట్టమే అంది. రెండూ నాకు నచ్చాయి.

కమిటీ ముందుకి పిలిచిన రోజు చిన్నన్నయ్యకి ఇస్త్రీ చొక్కా వేసి తీసుకెళ్ళాం. పెద్దవాళ్ళు పెద్దవాళ్ళతోనే మాట్లాడుకున్నారు. కాగితాలు చేతులు మారాయి. అందులో సభ్యుడిగా ఉన్న ఒకాయన, వీల్‌చైర్‌లో ఉన్నాయన, కాస్త ముందుకి వంగి, "బాబూ, మీ తమ్ముడి ఇంటికి వెళ్ళి ఉంటావా?" అని అడిగాడు. అప్పటిదాకా చిన్నన్నయ్యను ఎవరూ ఏమీ అడగలేదు. వాడు కాసేపు ఆలోచించి, "నా మంచం అక్కడ లేదు" అన్నాడు.

గదిలో కొందరు నవ్వారు. అడిగినాయన నవ్వలేదు. "మంచం అక్కడ వేయిస్తే?" అన్నాడు. "కిటికీ లేదు. బస్సులు కనపడవు." వాడు పొద్దున్నే లేచి కిటికీలోంచి మెయిన్ రోడ్డు మీద పోయే బస్సులు చూస్తాడు. ఏ బస్సు ఆలస్యమైందో వాడికి తెలుసు. యాభై ఏళ్ళుగా అదే వాడి దినచర్య. ఎక్కడ ఉండాలో వాడికి స్పష్టంగా తెలుసు, కారణం కూడా చెప్పాడు. ఆ ప్రశ్న అడగకపోయి ఉంటే ఇల్లు అద్దెకిచ్చేసి, వాడిని పల్లెకి పంపేసేవాళ్ళం. మంచి పని చేశామనే అనుకునేవాళ్ళం కూడా.

చివరికి వీధి చివర ఉండే మా వదిన, మేనత్త కూతురు, గార్డియన్ అయింది. పొలం బాబాయి కొడుకే చేస్తున్నాడు, కౌలు డబ్బు మాత్రం నేరుగా చిన్నన్నయ్య అకౌంట్‌లో పడుతుంది. పై వాటా అద్దెకిచ్చాం. వాడు వాడి మంచం మీదే ఉన్నాడు.

ఆ తర్వాత ఎవరూ రాలేదు

చట్టం ప్రకారం గార్డియన్ అయిన ఆరు నెలల్లో ఆ వ్యక్తి ఆస్తిపాస్తుల జాబితా ఇవ్వాలి. తర్వాత ఏటేటా, ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లోపు జమాఖర్చులు ఇవ్వాలి. నేనూ వదినా కూర్చుని జాబితా రాశాం. ఇల్లు, పొలం, డిపాజిట్, పెద్దమ్మ గాజులు, వాడి రేడియో. తీసుకెళ్ళి ఇస్తే ఆఫీసులో గుమాస్తా అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఎందుకండీ? ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదే" అన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగానే తెలియక అడిగాడు. ఆ తర్వాత నేనడిగిన కుటుంబాల్లో చాలామందికి అలాంటి లెక్క ఒకటి ఇవ్వాలని కూడా తెలియదు. సర్టిఫికెట్‌ను లామినేషన్ చేయించి బీరువాలో పెట్టారు, అంతే.

లెక్కలు ఇచ్చినా సరిపోదని నాకు అర్థమైంది ఇంకో ఇంట్లో. అన్న దగ్గర ఉంటున్న ముప్ఫై ఏళ్ళ అమ్మాయి. లెక్కలు అద్దంలా ఉన్నాయి. అన్న పైసా ముట్టుకోలేదు, పైగా తన డబ్బే పెడుతున్నాడు. ఇల్లు శుభ్రంగా ఉంది. ఆ అమ్మాయి నా పక్కన కూర్చుని జంతిక తింటూ, ప్రతి ముక్కనీ నాలుకతో కుడివైపుకి తోసుకుని నములుతోంది. ఎడమ బుగ్గ మీద వేలు ఆనిస్తే మొహం తిప్పేసుకుంది. దంతాల డాక్టరు చూస్తే రెండు పళ్ళు పుచ్చి చీము పట్టి ఉన్నాయి. ఎన్ని నెలల బాధో. "తను చెప్పదు కదండీ, నాకు తెలియలేదు" అన్నాడు అన్న, తల దించుకుని. నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఆరోగ్య బీమా ఆ అమ్మాయికి ఉంది, ఏడాదికి లక్ష వరకూ వస్తుంది. అమ్మ ఉన్నన్నాళ్ళూ రెన్యువల్ చేయించేది, ఆమె పోయాక ఎవరికీ గుర్తు లేదు. అమ్మ పోయిన తర్వాత ఆ పిల్ల గుడికి గానీ, బజారుకి గానీ వెళ్ళలేదు. అందరూ వింతగా చూస్తారని ఆ అన్న భార్య బయటికి పంపదు.

ఇక్కడ దొంగతనం లేదు, క్రూరత్వం లేదు. ఇద్దరు పిల్లలు, ఉద్యోగం, ఈఎంఐలు, వాటితో పాటు నోరు విప్పి చెప్పని చెల్లెలు. గార్డియన్ మోసం చేస్తాడేమోనన్న భయంతోనే మనం రూల్స్ రాసుకుంటాం. నేను చూసినంతలో ఎక్కువగా జరిగేది అలసట, అలవాటు, పట్టించుకోకపోవడం. కాగితం మీది లెక్క దాన్ని పట్టుకోలేదు. పక్కన కూర్చుని జంతిక తినే మనిషి పట్టుకోగలదు.

చూసి వచ్చేవాళ్ళు

వీళ్ళెక్కడ దొరుకుతారు? ఈ ప్రశ్నకి నేను చాలా ఆలోచించాను. ప్రభుత్వ సిబ్బందికి అప్పగిస్తే ఇంకో యాప్, ఇంకో ఫోటో, ఇంకో టార్గెట్ అవుతుంది. ఆశా కార్యకర్తల నెత్తిన ఇప్పటికే మోయలేనంత ఉంది. నా లెక్కలో రెండు వర్గాలున్నాయి. ఒకటి, రిటైరైన వాళ్ళు: టీచర్లు, నర్సులు, బ్యాంకు వాళ్ళు. ప్రతి పట్టణంలో పెన్షనర్ల సంఘం ఉంది, ప్రతి సంఘంలో పొద్దుపోని మనుషులున్నారు. రెండు, డ్వాక్రా సంఘాల్లో పుస్తకాలు రాసిన ఆడవాళ్ళు. లెక్క తప్పితే నిలదీయడం వాళ్ళకి కొత్త కాదు, ఇంటి లోపలికి వెళ్ళి వంటగది చూడడం వాళ్ళకే కుదురుతుంది.

ఇద్దరిద్దరుగా వెళ్ళాలి, అందులో ఒకరైనా ఆడమనిషి అయి ఉండాలి. ఆ కుటుంబానికి చుట్టాలు కాకూడదు. డబ్బు ఒక్క రూపాయి కూడా వాళ్ళ చేతుల్లోకి రాకూడదు. ఆ మనిషితో కాసేపైనా గార్డియన్ లేకుండా మాట్లాడాలి. మాట రానివాళ్ళయితే పక్కన కూర్చోవాలి. గోళ్ళు, పళ్ళు, పడక, మందుల షీటు మీద తేదీ, కిందటిసారి బయటికి ఎప్పుడు వెళ్ళారు, ఎవరిని చూస్తే ముడుచుకుపోతున్నారు: చూడాల్సినవి ఇవి. దీనికి పెద్ద ట్రైనింగ్ అక్కర్లేదనిపిస్తుంది గానీ కొంత కావాలి. మన రాష్ట్రాలకి సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో జాతీయ సంస్థే ఉంది, 1984 నుంచి మేధో వైకల్యం మీద పనిచేస్తోంది. ఈ విషయం తెలిసినవాళ్ళు మనకి దూరంలో లేరు.

అయితే నాకో సందేహం తీరనే లేదు. మన ఇళ్ళలో బయటివాళ్ళు వచ్చి ఆరా తీస్తే ఊరుకుంటారా? "మేం చూసుకోవడం లేదా? అంత ప్రేముంటే మీరే తీసుకెళ్ళండి" అనరా? అన్నారు కూడా. ఒక పిన్నిగారు నన్ను గుమ్మంలోనే నిలబెట్టి ఈ మాటే అన్నారు. ఆవిడ కోపంలో న్యాయం ఉంది. మూడేళ్ళుగా మంచం మీద ఉన్న మరిదికి ఒళ్ళు తుడిచి, అన్నం పెట్టే మనిషిని నేను వెళ్ళి ప్రశ్నించడం ఏమిటి? అప్పటినుంచి అడిగే తీరు మార్చాం. మొదటి ప్రశ్న గార్డియన్‌కి: "మీకేం ఇబ్బందిగా ఉంది?" సదరం (వైకల్య) సర్టిఫికెట్ రెన్యువల్, పెన్షన్‌కి వేలిముద్ర పడకపోవడం, డాక్టరు అపాయింట్‌మెంట్, పెళ్ళికి వెళ్ళాలంటే ఒక పూట ఎవరు చూసుకుంటారు, ఇవే వస్తాయి. వాటిలో ఒక్కటి తీర్చినా రెండోసారి కుర్చీ వేస్తారు. ఆవిడా వేశారు.

గార్డియన్‌కి డబ్బివ్వాలా అన్నదీ తెగని ప్రశ్నే. చుట్టరికానికి జీతమేమిటని మనవాళ్ళకి మొహమాటం. నా అభిప్రాయం వేరు. ఆ మనిషి పెన్షన్‌లోంచి నెలకింత అని కమిటీ ముందు తేల్చి, పుస్తకంలో రాసి ఇవ్వాలి. బాహాటంగా తీసుకున్న రెండు వేలు ఎవరినీ చెడగొట్టదు. పాలవాడి లెక్కలో కలిపి తీసుకున్న ఐదొందలే మనిషిని చెడగొడుతుంది.

ఉంచుకునేవాళ్ళే సంతకం పెడితే

ఇప్పుడు లెక్చరర్ గారి ట్రస్టు సంగతి. నా అభ్యంతరం ఒక్కటే. ఆ మనిషిని తమ హాస్టల్లో ఉంచుకునేదీ, అందుకు ఫీజు తీసుకునేదీ, ఆ ఫీజు సబబే అని అతని తరఫున సంతకం పెట్టేదీ ఒకే సంస్థ కాకూడదు. "మనవాళ్ళమే కదండీ, మోసం చేసుకుంటామా?" అంటారాయన. చేసుకోం. కానీ ఈ ట్రస్టు పని మొదలయ్యేదే మనం పోయాక. అప్పటి ట్రస్టీలు మన పిల్లలను ఎత్తుకున్నవాళ్ళు కారు, పేరు కూడా రిజిస్టరులో చూసి పిలిచేవాళ్ళు కావచ్చు.

సంస్థ చేతిలో ఉన్న మనిషి ఇష్టం ఎంత తేలిగ్గా పక్కకి పోతుందో 2009లో సుప్రీంకోర్టు దాకా వచ్చిన చండీగఢ్ కేసులో దేశమంతా చూసింది. కాస్త మేధో వైకల్యం ఉన్న అనాథ అమ్మాయి, ప్రభుత్వ ఆశ్రమంలో ఉంటూ అక్కడే అత్యాచారానికి గురై గర్భవతి అయింది. గర్భం తీయించాలని ప్రభుత్వ యంత్రాంగం కోరింది, హైకోర్టు సరేనంది. ఆ అమ్మాయి బిడ్డను కంటానంది. ఆమె ఇష్టం లేకుండా చేయడానికి వీల్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆమెను కాపాడలేకపోయిన చోటే, ఆమెకేది మంచిదో చెప్పే చోటు కూడా అయింది.

కాబట్టి ట్రస్టు పెట్టుకుందాం, కానీ దాని పని వేరుగా ఉండాలి. ఆస్తి మీద వచ్చే ఆదాయం చూసి ఖర్చులకివ్వడం ట్రస్టు చేయవచ్చు. సంతకం పెట్టే గార్డియన్ ట్రస్టుకి బయటి మనిషై ఉండాలి. చూసి వచ్చేవాళ్ళు ఈ ఇద్దరికీ సంబంధం లేనివాళ్ళు కావాలి. నా అనేవాళ్ళు ఎవరూ లేనివాళ్ళకి సంస్థే దిక్కవుతుంది, అది నాకూ తెలుసు. అలాంటి చోట ఇంటికి వెళ్ళేదానికన్నా రెండింతలు తరచుగా వెళ్ళాలి, చెప్పకుండా వెళ్ళాలి.

గార్డియనే వద్దనేవాళ్ళు

వైకల్య హక్కుల కోసం పనిచేసే మిత్రులు నన్ను ఇంకో వైపు నుంచి నిలదీస్తారు. వైకల్యం ఉన్నవాళ్ళ హక్కుల మీద ఐక్యరాజ్యసమితి చేసిన ఒప్పందాన్ని మన దేశం 2007లో ఆమోదించింది. దాని 12వ అధికరణం ప్రకారం వైకల్యం ఉన్నవాళ్ళకి అందరితో సమానంగా చట్టపరమైన హోదా ఉంది. ఒకరి బదులు ఇంకొకరు నిర్ణయించడం పోవాలి, నిర్ణయించుకోవడానికి తోడ్పాటు రావాలి అంటారు. మన 2016 చట్టం కూడా ఆ దారిలోనే పరిమిత గార్డియన్ అనే పద్ధతి తెచ్చింది: ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి, ఆ మనిషి ఇష్టాన్ని బట్టి. మరి నువ్వు గార్డియన్ల వ్యవస్థ గురించి రాయడమేమిటని వాళ్ళ ప్రశ్న.

చిన్నన్నయ్య మంచం గురించి చెప్పాడు చూడండి, ఆ గదిలో నేను వాళ్ళ వైపుకే వెళ్ళిపోయాను. వాడికి ఏం తినాలో, ఎక్కడ పడుకోవాలో, ఎవరితో మాట్లాడాలో చెప్పే గార్డియన్ అక్కర్లేదు. పది రూపాయల నాణేలు లెక్కపెట్టి టిఫిన్ సెంటర్‌లో ఇడ్లీ కొనుక్కుంటాడు. కానీ కౌలు అగ్రిమెంటు వాడికి అర్థం కాదు. పెన్షన్ ఫారం అర్థం కాదు. మాటే రాని, సైగ కూడా చేయలేని మనిషి విషయంలో ఎవరో ఒకరు సంతకం పెట్టక తప్పదు. అందుకే గార్డియన్ అధికారం ఎంత తక్కువ ఉంటే అంత మంచిదని నా అభిప్రాయం. పెన్షన్‌కి గార్డియన్ కావాలా? పెన్షన్‌కే ఇవ్వండి. పొలానికి కావాలా? అది వేరే అడగండి. మొత్తం మనిషిని ఒక కాగితంతో ఒకరికి రాసివ్వకండి.

చట్టానికి కనపడని పెద్దవాళ్ళు

ఇంతవరకూ చెప్పింది నాలుగు రకాల వైకల్యాల గురించే. మతిమరుపు జబ్బు వచ్చిన పెద్దలు, పక్షవాతంతో స్పృహ కోల్పోయినవాళ్ళు, తీవ్రమైన మానసిక జబ్బున్నవాళ్ళు నేషనల్ ట్రస్ట్ పరిధిలోకి రారు. 1987 మానసిక ఆరోగ్య చట్టంలో ఆస్తి చూసుకోవడానికి మేనేజర్‌ని పెట్టే వీలుండేది. 2017లో వచ్చిన కొత్త చట్టం చికిత్స విషయంలో నామినేటెడ్ ప్రతినిధిని ఇచ్చింది, ఆస్తి సంగతి వదిలేసింది. కోమాలో ఉన్న భర్త అకౌంట్‌లోంచి ఆస్పత్రి బిల్లు కట్టడానికి భార్య హైకోర్టులో రిట్ వేయాల్సి వస్తోంది. 2019లో కేరళ హైకోర్టు ఇలాంటి కేసులకి మార్గదర్శకాలు ఇచ్చింది, గార్డియన్ ఆరు నెలలకోసారి లెక్క చెప్పాలని కూడా అంది. అక్కడ కూడా హైకోర్టు మెట్లెక్కడం మాత్రం తప్పదు.

విదేశాల్లో ఉన్న మన పిల్లలు ఈ పేరా జాగ్రత్తగా చదవాలి. నాన్న ఆరోగ్యంగా ఉన్నప్పుడు జీపీఏ (ఆయన తరఫున సంతకం పెట్టే అధికార పత్రం) రాయించుకున్నాం, ఇక ఫర్వాలేదు అనుకుంటారు. మన కాంట్రాక్ట్ చట్టం 201వ సెక్షన్ ప్రకారం అధికారం ఇచ్చిన మనిషి మతి స్థిమితం కోల్పోతే ఆ అధికారం అక్కడితో ముగుస్తుంది. అంటే సరిగ్గా అవసరం పడే రోజున ఆ కాగితం పనికిరాదు. అమెరికాలోనో, బ్రిటన్‌లోనో చెల్లే శాశ్వత పవర్ ఆఫ్ అటార్నీ లాంటిది ఇక్కడ లేదు. మన ఊళ్ళలో ఇప్పుడు ఎక్కువగా మిగిలింది ఇలాంటి పెద్దవాళ్ళే. కాబట్టి జిల్లా స్థాయి ఏర్పాటు వీళ్ళకీ వర్తించేలా చట్టం మారాలి. అంతవరకూ చూసి వచ్చేవాళ్ళకి ఏ చట్టమూ అడ్డు రాదు. తలుపు తట్టి "ఎలా ఉన్నారు మాస్టారూ?" అనడానికి సర్టిఫికెట్ అక్కర్లేదు.

జపాన్‌ను చూసి నేను నేర్చుకున్నది ఒకటుంది. 2000లో వాళ్ళు మేజర్లయినవాళ్ళ కోసం కొత్త గార్డియన్ వ్యవస్థ తెచ్చారు. మొదట్లో ఎక్కువగా కుటుంబ సభ్యులే గార్డియన్లు. కొందరు డబ్బు వాడుకోవడంతో కోర్టులు లాయర్ల వైపు, ఇతర నిపుణుల వైపు మొగ్గాయి. ఇప్పుడు వాళ్ళదే మెజారిటీ. లెక్కలు సరిగ్గా ఉంటాయి గానీ, ఫీజు తీసుకుంటూ మనిషి మొహం చూడడానికి రారన్న ఫిర్యాదు మొదలైంది. అందుకే అక్కడి మున్సిపాలిటీలు మామూలు పౌరులకి శిక్షణ ఇచ్చి గార్డియన్లుగా పంపడం పెంచుకుంటున్నాయి. జర్మనీ 1992 నుంచీ మనిషి హక్కులు మొత్తం లాగేసే పాత పద్ధతి మానేసి, వాలంటీర్లకి వెన్నుదన్నుగా ఉండే సంఘాలను నడుపుతోంది. డబ్బూ కోర్టులూ ఉన్న దేశాలే చివరికి ఇంటికి వెళ్ళే మనిషి దగ్గరికి వచ్చాయి. మనం అక్కడే మొదలుపెట్టొచ్చు.

రెండో పేరు

ఇంత రాశాక కూడా ఒకటి నన్ను వదలడం లేదు. వెళ్ళిన వాళ్ళకి నిజంగానే ఏదో తప్పు కనపడిందనుకోండి. గార్డియన్ నిర్లక్ష్యం చేస్తున్నా, ఆస్తి కాజేస్తున్నా తొలగించే అధికారం కమిటీకి ఉంది. తొలగించిన గార్డియన్ ఆస్తిని కొత్త గార్డియన్‌కి అప్పగించి లెక్క చెప్పాలనీ ఉంది. కానీ ఆ కొత్త గార్డియన్ ఎవరు? అప్పటిదాకా ఆ మనిషి ఎవరింట్లో అన్నం తింటాడు? అదే ఇంట్లోనా, ఫిర్యాదు వెళ్ళిందని తెలిసిన గార్డియన్ దగ్గరే? ఈ భయంతోనే చాలామంది చూసీ చూడనట్టు ఊరుకుంటారు. నేనైనా ఫిర్యాదు రాసే ముందు పదిసార్లు ఆలోచిస్తాను.

దీనికి పూర్తి జవాబు నా దగ్గర లేదు. సగం జవాబు మాత్రం ఉంది. గార్డియన్ కోసం దరఖాస్తు పెట్టేటప్పుడే రెండో మనిషి పేరు కూడా రాసి జత చేయాలి. మొదటివాళ్ళు పోయినా, ఊరు మారినా, తొలగించినా వెంటనే పిలవడానికి. ఆ రెండో మనిషి ఏడాదికి ఒకసారైనా చూసి వచ్చేవాళ్ళతో పాటు వెళ్ళాలి, అప్పుడే ఆ బిడ్డకి మొహం తెలుస్తుంది. మా వదిన తర్వాత ఆమె కూతురు పేరు రాసి కమిటీకి ఇచ్చాం. ఫారంలో అందుకు గడి లేదు, విడిగా తెల్ల కాగితం జత చేశాం, తీసుకున్నారు. వచ్చే మీటింగుకి ఆ కాగితం నమూనా జిరాక్సులు తీసుకుని వెళ్తున్నాను. లెక్చరర్ గారి అబ్బాయి కోసం ఆయన ఎవరి పేరు రాస్తారో అడగాలి, ఆ అబ్బాయిని కూడా అడగాలి.